చేయి తిరిగిందని ఎలా తెలుస్తుంది?

2022లో పద్మశ్రీకి ఎంపికైనవారిలో ఇద్దరు తెలంగాణ జానపద కళాకారులు ఉన్నారు. ఒకరు నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య. పన్నెండు మెట్ల కిన్నెర మీటుతూ పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడతారు. రెండో ఆయన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య. సమ్మక్క, సారలమ్మల కథను డోలు దెబ్బతో కలిపి చెప్పగలిగిన కొద్దిమందిలో ఒకరు, 2024లో కన్నుమూశారు. ఇద్దరూ పెద్దల పక్కన ఉండి, విని నేర్చుకున్నవారే. ఆ దారిలో నొటేషన్ పుస్తకాలు ఉండవు, ఏడాదికో పరీక్ష ఉండదు.

మరి అలాంటి విద్యలో ఒక మనిషి ఎంత దూరం వచ్చాడో ఎలా చెప్పాలి? ఒకప్పుడు ఈ ప్రశ్న ఎవరికీ అవసరం పడలేదు. డప్పు నేర్చుకునే పిల్లవాడు వాడలోనే పెరిగేవాడు. వాడి చేయి ఎంతవరకు వచ్చిందో వాడంతటికీ తెలుసు. ఇప్పుడు పరిస్థితి మారింది. వేసవి శిబిరాల్లో, కాలేజీ సాంస్కృతిక బృందాల్లో, విదేశాల్లోని తెలుగు సంఘాల వేడుకల కోసం ఎందరో డప్పు పట్టుకుంటున్నారు. ఫోన్‌లో వీడియోలు చూసి సొంతంగా సాధన చేసేవాళ్ళూ ఉన్నారు. శిబిరంలో అడుగుపెట్టగానే ఎదురయ్యే మాట ఒకటే. "ఎన్ని దరువులు వచ్చు తమ్మీ?" "ఆరు వచ్చు అన్నా." ఈ జవాబును బట్టి పిల్లవాణ్ణి ఏదో ఒక వరుసలో నిలబెడతారు. నిజానికి ఆ ఆరు అనే అంకె అతని చేయి గురించి గానీ చెవి గురించి గానీ చెప్పేది చాలా తక్కువ.

కర్ణాటక సంగీతంలో ఈ చిక్కు లేదు. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, ఆపైన కీర్తనలు. "వర్ణాల్లో ఉన్నాను" అంటే చాలు, ఎదుటివారికి అంతా అర్థమవుతుంది. 1889లో లండన్‌లో మొదలైన పరీక్షా మండలి ఏబీఆర్‌ఎస్‌ఎమ్ పాశ్చాత్య సంగీతాన్ని ఎనిమిది గ్రేడ్లుగా విడగొట్టింది. ఈ రెండు చోట్లా పాఠాన్ని తేలిక నుంచి కష్టానికి పేర్చి పెట్టారు కాబట్టి పాఠం పేరే స్థాయి పేరయింది. జానపద వాద్యంలో పాఠాలను అలా ఎవరూ పేర్చలేదు. ఊరికి ఏ రోజు ఏది అవసరమో అదే ఆ రోజు పాఠం. పెళ్ళి ఊరేగింపు ముందొస్తే పెళ్ళి దరువు, బోనాలు ముందొస్తే బోనాల దరువు. మొదటి వారం నేర్చుకున్న దరువునే నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషీ వాయిస్తాడు. ఐర్లండ్ జానపద సంగీతం కూడా ఎక్కువగా విని నేర్చేదే. అక్కడ 1951లో మొదలైన ఫ్లా క్యోల్ అనే పెద్ద పోటీలో పిల్లల్ని విడదీసేది వయసును బట్టి. పన్నెండేళ్ళ లోపు, పదిహేనేళ్ళ లోపు, పద్దెనిమిదేళ్ళ లోపు, ఆపైన పెద్దలు. ఎన్ని రాగాలు వచ్చన్న లెక్క వాళ్ళకూ పనికిరాలేదు.

కాబట్టి ఎన్ని వచ్చు అన్నది వదిలేసి, అసలు ఏం వినాలో చూద్దాం. డప్పునే ఉదాహరణగా తీసుకుంటున్నాను. దాన్ని ఎంచుకోవడానికి కారణం, అది చాలా తేలికైన వాద్యమని బయటివారు అనుకుంటారు. అది తప్పుడు అంచనా.

చెక్క వలయం మీద బిగించిన తోలు. కుడిచేతిలో పొట్టిగా, మందంగా ఉండే సిర్ర. ఎడమచేతిలో సన్నగా, పొడవుగా ఉండే సిటికెన పుల్ల. చూడ్డానికి ఇంతే. కానీ గుండ్రని తోలు పలికే తీరు తీగ పలికే తీరుకు పూర్తిగా భిన్నం. తీగను మీటితే మూల స్వరం వెంట పుట్టే పై స్వరాలు, అంటే అనుస్వరాలు, దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా ఉంటాయి. చెవి వాటన్నిటినీ కలిపి ఒకే స్వరంగా పోల్చుకుంటుంది. ఏకరీతిగా ఉన్న తోలులో ఆ నిష్పత్తులు 1.59, 2.14, 2.30 ఇలా పోతాయి, పూర్ణాంకాలుగా పొసగవు. అందుకే అలాంటి తోలుకు స్పష్టమైన శ్రుతి ఉండదు. మృదంగం, తబలాల మీద వేసే నల్లని కరణి ఈ లెక్కను మారుస్తుందనీ, అనుస్వరాలను పూర్ణాంకాల దగ్గరకు లాగుతుందనీ సి.వి. రామన్ 1920లోనే నేచర్ పత్రికలో చూపించారు. డప్పుకు కరణి లేదు. కాబట్టి శ్రుతి అందం వెనక దాక్కునే వీలు వాయించేవారికి లేదు. దెబ్బ ఎక్కడ పడింది, ఎంత బలంగా పడింది, ఏ క్షణాన పడింది అన్నవే మొత్తం విద్య.

తోలు మధ్యలో కొడితే కింది కంపనం బలంగా లేచి గంభీరమైన మోత వస్తుంది. అంచు దగ్గర కొడితే పై కంపనాలు విజృంభించి మోత పదునెక్కుతుంది. పుల్ల తోలు మీద ఎంతసేపు నిలిచిందన్నది ఇంకా సూక్ష్మమైన విషయం. తగిలిన వెంటనే లేస్తే తోలు స్వేచ్ఛగా మోగుతుంది. కొద్దిగా ఆగినా వేగంగా ఊగే పై కంపనాలు అక్కడే అణగిపోయి మోత మొద్దుబారుతుంది. కొత్తగా నేర్చుకునేవారు బలం పెట్టి కొడుతున్నా మోత రాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. మణికట్టు బిగిసిపోయి సిర్ర తోలుకు అంటుకుపోతుంది. ఇది కళ్ళు మూసుకుని విన్నా తెలిసిపోతుంది.

వాయించడానికి ముందు జరిగే పని కూడా చేతి స్థాయిని పట్టిస్తుంది. డప్పును మంట దగ్గర కాచడం తెలిసిందే. తోలు గాలిలోని తేమను పీల్చి వదులవుతుంది, వేడికి ఆ తేమ పోయి బిగుస్తుంది. కంపన సంఖ్య బిగువుకు వర్గమూలంగా పెరుగుతుంది, అంటే మోత రెండింతలు పైకి పోవాలంటే బిగువు నాలుగింతలు కావాలి. అంత దూరం పోకముందే తోలు చిట్లవచ్చు. మంట నుంచి ఎప్పుడు తీయాలో చెప్పే గడియారం లేదు. వేలితో తట్టి విని తెలుసుకోవాలి. ఫైబర్ డప్పులు, ప్లాస్టిక్ తోళ్ళు వచ్చాక కాచే పని చాలా చోట్ల తప్పింది. సౌకర్యమే, కాదనను. కానీ వానాకాలపు సాయంత్రం తోలు డప్పు చేతికిచ్చి, "కాచి తీసుకురా బిడ్డా" అంటే ఎవరి చెవి ఎంతవరకు ఎదిగిందో ఒక్క దరువు వినకుండానే తెలుస్తుంది. ఈ పరీక్షను పోగొట్టుకోకూడదని నా అభిప్రాయం.

ఇక కాలం సంగతి. స్వీడన్ పరిశోధకులు ఆండర్స్ ఫ్రైబర్గ్, యోహాన్ సుండ్‌బర్గ్ 1995లో ప్రచురించిన ప్రయోగాల్లో, సమాన దూరంలో పడే ధ్వనుల్లో ఒకదాన్ని కొద్దిగా జరిపితే ఎంత తేడాను చెవి పట్టగలదో కొలిచారు. మామూలు వేగాల్లో అది సుమారు రెండున్నర శాతం. నిమిషానికి 120 దెబ్బల నడకలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 500 మిల్లీసెకన్లు ఉంటుంది కాబట్టి, పన్నెండు పదమూడు మిల్లీసెకన్ల జారుడును జాగ్రత్తగా వినే చెవి గుర్తించగలదు. పావు సెకను కంటే దగ్గరగా పడే వేగపు దెబ్బల్లో ఆ హద్దు దాదాపు 6 మిల్లీసెకన్లు. చేయి ఇంకా సాధించని సూక్ష్మతను చెవి ముందే సాధించి కూర్చుంటుందన్న మాట. నేర్చుకునేవాళ్ళలో చాలామందికి ఒక దశలో "నాకు రోజురోజుకూ పాడవుతోంది" అనిపించడానికి కారణం ఇక్కడ ఉంది. చేయి పాడవలేదు. నిన్న వినిపించని తప్పు ఇవాళ వినిపిస్తోంది. ఆ మాట అన్న పిల్లవాణ్ణి కింది వరుసకు పంపితే అన్యాయం జరిగినట్టే.

వేగం చూసి మోసపోవడం ఇంకో ప్రమాదం. దెబ్బల మధ్య వ్యవధి పెరిగేకొద్దీ మనిషి చేతిలో వచ్చే హెచ్చుతగ్గులు కూడా పెరుగుతాయని కాల గ్రహణశక్తి మీద పనిచేసేవారందరికీ తెలుసు. అంటే నిదానంగా, సమంగా వాయించడమే కష్టం. వేగంలో దెబ్బలు ఒకదాన్నొకటి లాక్కుపోతాయి, తప్పు వినపడేలోపు దాటిపోతుంది. "దంచు తమ్మీ" అని చుట్టూ జనం ఉత్సాహపరుస్తుంటే పద్నాలుగేళ్ళ కుర్రాడు కూడా మహా వేగంగా వాయిస్తాడు. అదే దరువును సగం వేగంలో, అదే ఊపుతో రెండు నిమిషాలు నిలపమంటే తెలుస్తుంది అసలు సంగతి. ఒక మాట ఒప్పుకోవాలి. డప్పులో నడక క్రమంగా పెరగడం కళలో భాగమే. పెంచడం వేరు, పెరిగిపోవడం వేరు. పెంచేవాడు ఎక్కడైనా ఆపి వెనక్కి రాగలడు.

విని నేర్చుకునే విద్యకు ప్రత్యేకమైన కొలత మాత్రం వేరే ఉంది, ఈ వ్యాసంలో నేను అన్నిటికంటే నమ్మేది దాన్నే. ఒక కొత్త దరువును ఎన్నిసార్లు వింటే చేతికి వస్తుంది?

అమెరికాలో రాబర్ట్ వుడీ, ఆండ్రియాస్ లేమన్ 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. 24 మంది విద్యార్థి సంగీతకారులు. అందరూ వాద్యం బాగా వచ్చినవారే. కొందరు పూర్తిగా కాగితం చూసి నేర్చుకున్నవారు, మరికొందరికి బయట బృందాల్లో విని వాయించిన అనుభవం ఉంది. కొత్త రాగం వినిపించి, పాడమనీ వాయించమనీ అడిగారు. తప్పు లేకుండా వచ్చేదాకా మళ్ళీ వినిపించారు. విని వాయించే అలవాటున్నవారికి తక్కువసార్లు సరిపోయింది. ఆపైన వాళ్ళు ఏమనుకుంటూ వాయించారో అడిగితే ఇంకా ఆసక్తికరమైన విషయం బయటపడింది. కాగితం అలవాటున్నవారి మనసు ఏ స్వరానికి ఏ వేలు అన్నదాని మీద ఉంది. విని నేర్చినవారు రాగం ఎటు పోబోతోందో ముందే ఊహిస్తున్నారు. వినబోయేదాన్ని సగం తామే కట్టుకుంటున్నారు కాబట్టి మిగతా సగం వింటే చాలు.

ఈ ఊహ ఎలా పెరుగుతుందో నూట ఇరవై ఏళ్ళ కంటే ముందే ఇద్దరు అమెరికన్లు మరో రంగంలో చూశారు. విలియం బ్రయాన్, నోబుల్ హార్టర్ 1897లో, 1899లో టెలిగ్రాఫ్ ఉద్యోగుల మీద రాసిన పరిశోధనలు అవి. మోర్స్ కోడ్‌ను విని రాసుకోవడం కూడా చెవి విద్యే. వాళ్ళు గమనించిందేమిటంటే, కొత్తవాడు మొదట ఒక్కో అక్షరాన్ని వింటాడు. కొన్ని నెలలకు పదాలు వినిపిస్తాయి. ఆరితేరినవాడికి మాటల గుంపులే వినిపిస్తాయి, చేయి వెనక నుంచి నింపాదిగా రాసుకుంటూ వస్తుంది. విని రాసుకునే వేగం సాఫీగా పెరగలేదు. వారాల తరబడి ఒకే చోట ఆగి, తర్వాత ఒక్కసారిగా పైకి లేచింది. ఆగినట్టు కనిపించిన ఆ వారాల్లో అక్షరాలు పదాలుగా గూడుకట్టుకుంటున్నాయని వారి వివరణ. తర్వాతి పరిశోధకులందరికీ ఆ మెట్టు అంత స్పష్టంగా కనిపించలేదు. అయినా చిన్న ముక్కలు పెద్ద ముక్కలుగా కలిసిపోతాయన్న మూల విషయం నిలబడింది.

డప్పులోనూ జరిగేది అదే. మొదట్లో ప్రతి దెబ్బా విడిగా వినిపిస్తుంది. సిర్ర, పుల్ల, పుల్ల, సిర్ర. కొంతకాలానికి నాలుగు దెబ్బలు ఒక ముక్కవుతాయి. ఇంకొంత కాలానికి దరువు మొత్తం ఒకే ముక్కగా చెవిలో పడుతుంది, తేడా ఉన్న చోటు మాత్రమే ప్రత్యేకంగా వినిపిస్తుంది. "ఇది మన పెళ్ళి దరువే, చివర్లో మాత్రం ఒక దెబ్బ తక్కువ" అన్నాడంటే ఆ మనిషి చెవి పండింది. ఆ మాట అనగలిగినవాడికి మూడే దరువులు వచ్చినా, ముప్ఫై దరువులు బట్టీపట్టినవాడి కంటే అతనే పైనున్నాడు. మూడు వచ్చినవాడు నాలుగోదాన్ని రెండుసార్లు విని పట్టుకుంటాడు. ముప్ఫై వచ్చినవాడు ముప్ఫై ఒకటో దాని కోసం మళ్ళీ వారం రోజులు వీడియో ముందు కూర్చుంటాడు.

చేయి కంటే ముందు నోరు. మన దగ్గర దరువు నేర్పేవారు తరచూ నోటితో చెబుతారు, జజ్జనకర జనకర అంటూ. ఈ శబ్దాలు ఊరికే పుట్టినవి కావు. అనిరుద్ధ్ పటేల్, జాన్ ఐవర్సన్ 2003లో తబలా బోల్‌లను ధ్వనిశాస్త్రపరంగా పరీక్షించి, నోటి మాటకూ వాద్యపు దెబ్బకూ మధ్య నిజమైన పోలికలు ఉన్నాయని చూపించారు. తబలాతో పరిచయమే లేనివారు కూడా ఏ బోల్ ఏ దెబ్బకు చెందుతుందో గుడ్డి అంచనా కంటే బాగా చెప్పగలిగారు. వుడీ, లేమన్ అధ్యయనంలోనూ వాయించడానికి కంటే పాడటానికి తక్కువసార్లు వినడం సరిపోయింది. అందుకే పరీక్షించేటప్పుడు నోటిని, చేతిని విడదీయాలి. నోటితో తప్పు లేకుండా అని, చేతితో తడబడితే అది చేతి లోపం, సాధనతో పోతుంది. నోటితోనే అనలేకపోతే చెవిలో దరువు ఇంకా నిలవలేదని అర్థం, ఎంత కొట్టినా లాభం లేదు, వినాలి. ఈ రెండు లోపాలకు మందు వేరు వేరు. రెండింటినీ కలిపి "ఇంకా కొత్తవాడు" అనేస్తే ఎవరికీ మేలు జరగదు.

విని నేర్చుకున్నప్పుడు మెదడులో చెవికీ చేతికీ మధ్య నిజంగానే దారి పడుతుంది. అమీర్ లహావ్ బృందం 2007లో, సంగీతం రానివారికి ఒక చిన్న పియానో రాగాన్ని ఐదు రోజుల్లో చెవితోనే నేర్పించింది. తర్వాత వాళ్ళు కదలకుండా పడుకుని ఆ రాగాన్ని వింటుంటే చేతి కదలికలకు సంబంధించిన మెదడు భాగాలు కూడా పనిచేశాయి. అంతే పరిచయమున్నా వాయించడం నేర్చుకోని రాగం వింటున్నప్పుడు అలా జరగలేదు.

"వాళ్ళకేం, అది వాళ్ళ రక్తంలోనే ఉంది" అనే మాట ఇక్కడే ఆపాలి. డప్పును తరతరాలుగా నిలిపిన మాదిగ కుటుంబాల పిల్లల గురించి ఈ మాట మెచ్చుకోలుగానే అంటారు. అందులో ఒక అపచారం ఉంది. పుట్టిన రోజు నుంచి ఆ పిల్లవాడు చేసిన వినికిడి సాధన అంతా ఆ ఒక్క మాటతో లెక్కలోంచి పోతుంది. నిద్రపోతున్న రెండు మూడు రోజుల పసికందుల మెదడు కూడా లయలో ముఖ్యమైన దెబ్బ తప్పితే స్పందిస్తుందని ఇస్త్వాన్ వింక్లర్ బృందం 2009లో కనుగొంది. ఆ సామర్థ్యం ఏ ఒక్క కులానిదో, దేశానిదో కాదు. ఎరిన్ హానన్, సాండ్రా ట్రెహబ్ 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో, బాల్కన్ ప్రాంతపు వంకర నడకల్లో వచ్చిన తప్పును అమెరికా పెద్దలు పట్టలేకపోయారు, ఆరు నెలల పిల్లలు పట్టారు. ఏడాది నిండేసరికి పిల్లలూ పెద్దల్లాగే తయారయ్యారు. చుట్టూ ఏం వినిపిస్తే చెవి దానికే పదునెక్కుతుంది. అదే ఏడాది జెస్సికా ఫిలిప్స్ సిల్వర్, లారెల్ ట్రెయినర్ ఇంకో ముచ్చటైన విషయం చూపించారు. ఏడు నెలల పిల్లల్ని ఎత్తుకుని ఒకే లయను వినిపిస్తూ కొందరిని రెండో దెబ్బకోసారి, కొందరిని మూడో దెబ్బకోసారి ఊపారు. తర్వాత ఆ పిల్లలు తమను ఊపిన నడకకు సరిపోయే లయనే ఎక్కువసేపు విన్నారు. తల్లి చంకలో ఉండి బతుకమ్మ చుట్టూ తిరిగిన బిడ్డ, తండ్రి భుజం మీద కూర్చుని ఊరేగింపులో డప్పుల వెంట నడిచిన బిడ్డ అప్పటికే పాఠం మొదలుపెట్టినట్టు.

ఇది తెలిస్తే శిబిరంలో ఒక పొరపాటు తగ్గుతుంది. అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్ల మొదటి నెలలో వెనకబడితే "ఈమెకు లయ లేదు" అనడం తొందరపాటు. ఆమెకు లేనిది వినికిడి నిల్వ. ఆమెకు దెబ్బల పాఠం కంటే ముందు, జట్టు వెనక నడుస్తూ, అడుగు వేస్తూ వినే పాఠం కావాలి.

తీర్పు చెప్పేవారి సంగతి కూడా మాట్లాడుకోవాలి. చియా జంగ్ సాయ్ స్వయంగా పియానో విద్వాంసురాలు. 2013లో ఆమె ప్రచురించిన ప్రయోగాల్లో పెద్ద పెద్ద సంగీత పోటీల తుది అభ్యర్థుల ముక్కలు చూపించి, ఎవరు గెలిచారో చెప్పమన్నారు. ధ్వని మాత్రమే విన్నవారు అంచనా కట్టలేకపోయారు. శబ్దం తీసేసిన వీడియో చూసినవారే మెరుగ్గా చెప్పారు. సంగీత నిపుణుల విషయంలోనూ అంతే. అసలు న్యాయనిర్ణేతలను కూడా కళ్ళే నడిపించాయన్న అనుమానం సహజంగా వస్తుంది. కళ్ళే కాదు, వాయించే రోజు కూడా తీర్పును కదిలించవచ్చు. బెల్జియంలో జరిగే క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీ ఫలితాలను రెనాటో ఫ్లోరెస్, విక్టర్ గిన్స్‌బర్గ్ 1996లో పరిశీలించారు. ఎవరు ఏ రోజు వాయించాలన్నది అక్కడ చీటీతో తేలుతుంది. అయినా మొదటి రోజు వాయించినవారికి పై స్థానాలు దక్కే అవకాశం తక్కువగా ఉన్నట్టు తేలింది.

డప్పులో చూపు మోసం ఇంకా పెద్దది. చిందు, మెలికలు తిరిగే నడుము, పళ్ళతో డప్పు పట్టి ఎగరడం వంటి విన్యాసాలు జనాన్ని ఊపేస్తాయి. అవీ కళే, వాటినీ లెక్కపెట్టాలి. కానీ విడిగా లెక్కపెట్టాలి. పోటీ పెట్టేవారు మొదటి విడత తెర వెనక నుంచి విని మార్కులు వేసి, రెండో విడతలో ఆటను చూసి వేస్తే దరువు స్థాయి ఎంతో, ఆట స్థాయి ఎంతో వేరుగా తెలుస్తుంది. ఖర్చు ఒక దుప్పటి.

సొంత అంచనా సంగతీ అంత బాగా లేదు. జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ 1999లో తర్కం, వ్యాకరణం వంటి పరీక్షల్లో అట్టడుగున ఉన్నవారు తమను తాము బాగా ఎక్కువగా అంచనా వేసుకోవడం గమనించారు. అది సంగీతం మీద చేసిన పరీక్ష కాదు. అందులో నాకు పనికొచ్చే విషయం జనం తరచూ మరిచిపోయేది. తర్కంలో కొంత శిక్షణ ఇచ్చాక ఆ బలహీనులే తమ అంచనాను సరిచేసుకున్నారు. అంటే తప్పును వినగలగడం, తప్పు లేకుండా చేయగలగడం జంటగానే పెరుగుతాయి.

అలాగే, ఇవాళ సాధన ముగిసే వేళ ఎలా వాయించాడన్నది కూడా స్థాయి కాదు. రాబర్ట్ డ్యూక్ బృందం 2009లో 17 మంది పియానో విద్యార్థులకు షోస్టకోవిచ్ కాన్సెర్టోలోంచి ఒక కష్టమైన చిన్న ముక్క ఇచ్చి, తృప్తి కలిగేదాకా సాధన చేయమంది. మర్నాడు మళ్ళీ పిలిచి వాయించమంది. ఎంతసేపు సాధన చేశారు, ఎన్నిసార్లు వాయించారు అన్నవి మర్నాటి ర్యాంకులతో పొసగలేదు. తప్పు వచ్చిన చోటే ఆగి, కచ్చితంగా ఎక్కడ జారిందో కనిపెట్టి, అక్కడ నెమ్మదించి సరిచేసినవారు పైన నిలిచారు. డప్పు పట్టినవారు ఇంట్లో చేసుకోగల పని ఇదే. ఫోన్‌లో రికార్డు చేసుకుని వెంటనే వినకుండా మర్నాడు వినాలి. వాయించిన వెంటనే వింటే చేతుల్లో ఇంకా ఉన్న ఊపు చెవిని కప్పేస్తుంది. ఆ మర్నాడే, రికార్డు వినకముందు, దరువును ఉన్నదున్నట్టు ఒకసారి వాయించి చూసుకోవాలి. ఆ మొదటి వాయింపే అసలు స్థాయి.

వీడియోలు చూసి నేర్చుకున్నవారికి ఇంకో లోపం ఉంటుంది, వాళ్ళ తప్పు కాదు. వీడియో ఎప్పుడూ వాళ్ళ కోసం ఆగదు, వాళ్ళను బట్టి మారదు. జట్టు మారుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పది మీటర్ల అవతల ఉన్న డప్పు మోత చెవిని చేరడానికి దాదాపు 30 మిల్లీసెకన్లు పడుతుంది. మనం ముందు చెప్పుకున్న పదమూడు మిల్లీసెకన్లతో పోలిస్తే అది చిన్నది కాదు. ఊరేగింపులో రెండు చివర్లలో ఉన్నవారు విన్నప్పుడల్లా వాయిస్తే జట్టు చెదిరిపోతుంది. అందుకే వాళ్ళు జట్టు పెద్ద చేతిని చూస్తారు, అడుగు కలుపుతారు, దెబ్బ పడబోయే క్షణాన్ని ముందే ఊహిస్తారు. లయకు వేలు తట్టమంటే మనుషులు నిజంగానే దెబ్బ కంటే కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందు తడతారనీ, సంగీతం సాధన చేసినవారిలో ఆ తేడా తగ్గుతుందనీ బ్రూనో రెప్ వంటివారు ఏళ్ళ తరబడి కొలిచి చెప్పారు. మనిషి దెబ్బ విని స్పందించడం లేదు, ముందే వెళ్ళి దాని కోసం ఎదురుచూస్తున్నాడు.

అనుభవమున్న జట్టు పెద్ద కొత్తవాడి స్థాయి తెలుసుకోవాలంటే ఇంత శాస్త్రం చదవక్కర్లేదు. అతన్ని పక్కన నిలబెట్టుకుని ఒక దరువు ఎత్తుకుంటే చాలు. మధ్యలో తాను హఠాత్తుగా ఆపేసి నాలుగు ఆవర్తాలు ఊరకుండి, మళ్ళీ చేరాలి. చేరినప్పుడు ఇద్దరి దెబ్బా ఒకచోటే పడిందా, అతను ఎంత జరిగాడు అన్నది అందరికీ వినిపిస్తుంది. తర్వాత కావాలనే ఒక దెబ్బ తప్పి చూడాలి. కొత్తవాడు తానూ ఆగిపోతాడా, తల పైకెత్తి వెతుకుతాడా, నడక వదలకుండా నిలిచి పెద్దనే తిరిగి దారిలోకి తెస్తాడా? ఆపైన మాట చెప్పకుండా దరువు మార్చాలి. ఎన్ని ఆవర్తాలకు అందుకున్నాడో లెక్కపెట్టుకోవాలి. రెండు ఆవర్తాల్లో అందుకుంటే ఆ వారం ఊరేగింపులో చివరన కాకుండా మధ్యలో నిలబెట్టవచ్చు. ఆరు పడితే ఇంకొన్నాళ్ళు జట్టు వెనక నడవనివ్వాలి, డప్పు భుజానే ఉండాలి, ఒక్క సిటికెన పుల్లతో మాత్రమే వాయించాలి.